గట్టి బిళ్ల

కాశీరావు గారూ, ఆ డబ్బాలో ఏముందో మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు. మీ కొట్లో దాని మూత తియ్యనివ్వలేదు, మేం పడుకునే గదిలో తియ్యనిచ్చారు. డబ్బా మీది కాగితాన్ని గీకి పారేసినవాడికి తెలుసు. పేరు లేని డబ్బాలు ఊళ్లోకి దిగుతుంటే పక్కనుంచి స్కూటర్ మీద వెళ్లిపోయిన తనిఖీ ఆఫీసర్లకు తెలియకపోతే అదీ తప్పే, తెలుసుకోవడానికే వాళ్లకు జీతం. మా నఫీసా కాళ్లు మీ అందరి మెడకూ చుట్టుకోవాలి. నా మెడకు కూడా. నా తప్పు దాచను. అది వచ్చిన చోట చెబుతాను.

ఇదంతా ఒక్క చలికాలంలో జరిగింది. తొంభై ఎనిమిది దసరా వెళ్లిన వారానికి మొదలై, తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవంతో అయిపోయింది. అయిపోయిందని మేం అనుకున్నాం.

నఫీసా నా తమ్ముడు ముస్తాక్ పెళ్లాం. నన్ను ఆపా అని పిలుస్తుంది, అక్కా అన్నట్టు. ముస్తాక్ ఆటో తోలతాడు. నా మొగుడు పోయిన దగ్గర్నుంచి నేనూ వాళ్లతోనే ఉంటున్నాను, వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో. ఒక గది, వెనక వంటకు కాస్త చోటు, ముందు అరుగు. వాళ్ల కూతురు అఫ్సాకు అప్పుడు నాలుగేళ్లు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. చదివేవాళ్లకోసం తెలుగులో పెడుతున్నాను.

మా సందు ఆడవాళ్లం పూసలు కుడతాం, పెళ్లి రవికలకూ ఓణీ అంచులకూ. బయట తిరిగి పని తెచ్చేది, అయినదాన్ని అప్పజెప్పి వచ్చేది నేను. కూర్చుని కుట్టేది వాళ్లు. అందరిలోకీ చెయ్యి తిరిగింది నఫీసా. కళ్లు మూసుకుని ఆవగింజంత పూసను వేళ్ల మధ్య నలిపి అది ఏ సైజు నంబరు పూసో చెప్పేది. మేం పందెం కట్టి ఓడిపోయేవాళ్లం.

గుణదల కొండ దగ్గర అమ్మే పూసల బిళ్ల ఆమె చేతిలో పుట్టిందే. పమిట మీదో చొక్కా మీదో గుచ్చుకునే బ్రోచి అది. కోడిగుడ్డు ఆకారం, అరచేతిలో సగం ఉంటుంది. నీలం పూసలతో ముసుగు, తెల్ల పూసలతో అంగీ, తల చుట్టూ పన్నెండు పసుపు పూసలు. ముఖం ఉండాల్సిన చోట ఒట్టి తెలుపు. ముఖమేదే అని పక్కింటి తెరేసమ్మ అడిగింది. బొమ్మకు ముఖం వెయ్యడం మాకు తప్పు, అయినా మరియం బీబీ మాకూ తల్లే, ముఖం లేకపోయినా గుర్తుపడతాం అంది నఫీసా. తెరేసమ్మ, కొండ మీద ఆ జనంలో నాకూ ముసుగు తప్ప ముఖం ఎప్పుడూ కనపడలేదులే అంది.

ఆ అక్టోబర్‌లో నేను గవర్నర్‌పేటలో కాశీరావు కొట్టుకు వెళ్లాను. ఫ్యాన్సీ సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఆయనది. వెళ్లీ వెళ్లగానే ఒక సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. అన్నీ మేం కిందటేడు కుట్టిన బిళ్లలు. వీపు ఊడినవి, పిన్ను వేలాడుతున్నవి, ముసుగు సగం రాలినవి. అప్పట్లో వెనక గుడ్డను మైదా జిగురుతో అంటించేవాళ్లం. తొక్కిసలాటకూ చెమటకూ జిగురు వదిలేసింది. అమ్ముడుపోనివాటిని గోడౌన్‌లో ఎలుకలు కొరికాయి.

"మైదా పెడితే ఎలుక తినక ఏం చేస్తుందమ్మా. బిళ్లలు చెయ్యమంటే అప్పచ్చులు చేసిచ్చారు," అన్నాడు.

కొట్లో పనివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుతో. ఈసారి నీళ్లలో పడినా కాలి కింద పడినా ఊడకూడదన్నాడు. అలా చెయ్యగలిగితే ఉత్సవం సరుకంతా మాకే ఇస్తానన్నాడు. చెయ్యలేమంటే మద్రాసు నుంచి ప్లాస్టిక్‌వి తెప్పించుకుంటాడట.

తర్వాత నన్ను కొట్టు వెనక్కి తీసుకెళ్లాడు. పెరట్లో రేకుల షెడ్డు, మూడు వైపులా గోడల్లేవు. అక్కడ పెద్ద పెద్ద డబ్బాలు. చెప్పులు అంటించే సొల్యూషన్ అన్నాడు, సైకిల్ షాపుల్లో పంక్చరుకు వాడేదానికన్నా గట్టిదట. పనివాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి వంచాడు. చిన్నదాని మీద ఒకప్పుడు ఏదో కాగితం ఉన్నట్టుంది, గీకేసిన చారలు కనిపించాయి. కొట్లోకి వచ్చాక అదెలా ఉంటుందో చూద్దామని మూత మీద చెయ్యి వేశాను. కాశీరావు చెయ్యి వచ్చి మూతను నొక్కేసింది.

"ఇక్కడొద్దమ్మా. ఇంటికెళ్లి తీసుకో."

ఎంత సుకుమారమో వీళ్లకు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. డబ్బాను గుండెలకు ఆనించుకుని సిటీ బస్సెక్కాను.

బిళ్లను గట్టిగా ఎలా నిలబెట్టాలో నఫీసా మూడు రోజుల్లో పట్టేసింది. బక్రం అనే బిరుసు గుడ్డ మీద తెల్లగుడ్డ పరిచి, పెన్సిలుతో గీసుకుని, రెండు పేటల దారంతో పూసలు ఎక్కించింది. రెండు పూసలు ముందుకు, ఒక పూసలోంచి వెనక్కి, మళ్లీ ముందుకు. ఒకచోట దారం తెగినా పక్క పూస కదలదు. లోపల బిగువు కోసం అట్ట పెడితే తడికి మెత్తబడుతుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసే తెరేసమ్మ, పారేసే ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చిపెట్టింది. ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో విరిగిన ముంజెయ్యి. వాటిని గుడ్డు ఆకారంలో కత్తిరించి సొల్యూషన్ రాసి గుడ్డ వెనక అంటించింది. ఆ వెనక రెక్సిన్. దానికి పిన్నీసును ముందే కుట్టి, మళ్లీ సొల్యూషన్ రాసి, ఆరీ ఆరనప్పుడు రెండింటినీ అదిమి, సన్నికల్లు కింద పెట్టింది. ఆరాక అంచు చుట్టూ మళ్లీ పూసల కుట్టు.

తీసుకెళ్లి ఇస్తే కాశీరావు దాన్ని నేలకేసి కొట్టాడు. చెప్పుకాలితో తొక్కాడు. గ్లాసుడు నీళ్లలో వేసి, పక్క కొట్టుకు పోయి కబుర్లు చెప్పి వచ్చి బయటికి తీశాడు. పూసలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి.

ఇంటికొచ్చి చెబితే నఫీసా ముందు నమ్మలేదు. నిజంగా తొక్కాడా ఆపా, చెప్పుతోనే తొక్కాడా అని రెండుసార్లు అడిగింది. తన చేతి పనిని ఒకాయన చెప్పుకాలితో తొక్కాడంటే అంత సంతోషపడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మా గదిలో పని మొదలైంది. నఫీసా, చేపలమ్మే వీరమ్మ, ఎదురింటి సుధామణి, ఆమె తోడికోడలు. వీరమ్మ పొద్దున మార్కెట్‌లో చేపలు ఎత్తుకుని ఇళ్లకు తిరిగి అమ్మేది, భోజనాల వేళకు మా దగ్గరకు వచ్చేది. సొల్యూషన్ రాసే కుంచెలు నఫీసావి, వీరమ్మవి. మిగతా ఇద్దరూ అక్కడే కూర్చుని కుట్టేవాళ్లు. తెరేసమ్మ మాత్రం ఆ కంపు తన వల్ల కాదని అరుగు మీద కూర్చుని అంచులు కుట్టేది.

కిటికీ మూశాం. కిటికీ కిందే టీ బండి, మగవాళ్లు నిలబడతారు. ఫ్యాను ఆపాం. గాలి తగిలితే పూసలు పళ్లెంలోంచి ఎగిరిపోతాయి, సొల్యూషన్ మీద తోలు కడుతుంది. తలుపుకు పరదా వేశాం. ఇవన్నీ చెయ్యమన్నది నేనే. ఒక్క చుక్క సొల్యూషన్ ఎండిపోకూడదని డబ్బాను గది మూలన, గాలి తగలని చోట పెట్టించింది కూడా నేనే.

మొదట్లో ఆ వాసనకు తల తేలిపోయేది. కాశీరావు గారు ఊరికే కల్లు పోయిస్తున్నాడక్కా, ఇంకో డబ్బా అడుగు అనేది వీరమ్మ. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. అంత నవ్వాల్సిన మాటేం కాదది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నేను బయటినుంచి వచ్చి పరదా ఎత్తేసరికి కళ్లు మండేవి, కాసేపటికి అలవాటయ్యేది. అఫ్సా మధ్యాహ్నాలు వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఆ గదిలోనే నిద్రపోయేది.

డిసెంబర్‌లో రంజాన్ వచ్చింది. నఫీసా ఒక్క రోజా, ఒక్క ఉపవాసం కూడా వదల్లేదు. పొద్దంతా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా డబ్బా ముందు కూర్చునేది. సాయంత్రం ఉపవాసం విడిచాక కూడా తిండి సయించేది కాదు. కాళ్లలో చీమలు పాకుతున్నాయి ఆపా అంది ఒకరోజు. రోజాలు కదా, ఇంకో రెండు ఖర్జూరాలు తిను అన్నాను. నడుస్తుంటే దూది మీద నడిచినట్టుంది అంది ఇంకోరోజు. ముస్తాక్ కోడికాళ్ల సూప్ చేయించి తెచ్చాడు. ఆ నెలలో మా ఇళ్లలో ప్రతి ఒక్కరికీ నీరసమే. ఉపవాసం ఉన్న మనిషి తూలితే ఎందుకు తూలిందని ఎవరూ అడగరు. పుణ్యం అనుకుంటారు. మేం చేసిన పొరపాటు అదే, రోజాలు ఉండే ఇళ్లలో తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు.

జనవరిలో, పండగ రోజు మధ్యాహ్నం సేమ్యా గిన్నె పట్టుకుని రెండు సందుల అవతల మా పిన్నమ్మ ఇంటికి వెళ్లి వస్తున్నాం. నఫీసా ముందు నడుస్తోంది, ముస్తాక్ కొన్న కొత్త చెప్పులతో. వెనక నేనూ అఫ్సా. మా సందు మలుపులో కంకర పోసి ఉంది. కంకర మధ్యలో ఒక చెప్పు కనపడింది. కొత్తది. తలెత్తి చూస్తే నఫీసా అప్పటికే పది అడుగులు ముందుకు వెళ్లిపోయింది, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, ఆ రాళ్ల మీదే.

అఫ్సా పరిగెత్తి చెప్పు అందించింది. నఫీసా చెప్పు వైపు చూసింది, కాలి వైపు చూసింది.

"ఎప్పుడు జారింది?" అంది.

ఆమె గోడ పట్టుకుని, వంగి, చేత్తో పాదాన్ని ఎత్తి చెప్పులో పెట్టుకుంది. ఇంటికొచ్చాం. నేను గిన్నెలు కడిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

రోజాలు అయిపోయాయి. తిండి తింటోంది. అయినా కాళ్లు తేరుకోలేదు, ఇంకా పోతున్నాయి. గుమ్మం దాటడానికి తలుపు పట్టుకునేది. అఫ్సా గౌను గుండీ పెట్టడానికి ఎంతసేపు పెనుగులాడేదో. నేను ఒక పూస ఆమె చేతిలో పెట్టి ఏ నంబరో చెప్పమన్నాను, పాత ఆటలాగా. చాలాసేపు నలిపింది. "ఏది, ఇచ్చావా?" అంది. పూస ఆమె వేళ్ల మధ్యే ఉంది.

దిష్టి తగిలిందన్నారు. ముస్తాక్ దర్గాకు వెళ్లి తాయెత్తు కట్టించుకొచ్చాడు. చలిగాలి పట్టిందని ఒకరు వేడి నూనె మర్దన చేశారు. ఆ వేడికి పిక్క చర్మం కాలి బొబ్బ లేచింది. కాలుతోందని నఫీసా చెప్పలేదు. ఆమెకు తెలిస్తే కదా.

ఆ వారంలోనే వీరమ్మ చేపలు లేకుండా వచ్చింది. కాలవ వంతెన మీద గంప పడిపోయిందని, చేపలన్నీ రిక్షాల కింద పడ్డాయని నవ్వుతూ మొదలుపెట్టింది. కుక్కలకు విందు చేశానక్కా అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"పాదం ఎత్తాననే అనుకున్నానక్కా. అది లేవలేదు."

వీరమ్మ రోజాలు ఉండదు. వీరమ్మ పొద్దున్నే చద్దన్నం, చేపల పులుసు తిని వస్తుంది.

అరుగు మీద తెరేసమ్మ బానే ఉంది. బయట తిరిగే నేను బానే ఉన్నాను. కుంచె పట్టిన ఇద్దరికీ కాళ్లు పోయాయి. నేను వెళ్లి గదిలో కుట్టుకుంటున్న సుధామణినీ ఆమె తోడికోడలినీ, మీకు కాళ్లలో చీమలు పాకుతున్నాయా అని అడిగాను. లేదన్నారు. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. మళ్లీ అడిగాను. అప్పుడు సుధామణి ఏడ్చింది. చెబితే పనిలోంచి తీసేస్తావని చెప్పలేదంది. ఆ పిల్ల భయపడింది నన్ను చూసి. డబ్బాను చూసి కాదు.

మర్నాడు కాశీరావు దగ్గరకు వెళ్లాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆడవాళ్లకు చలికాలం నీరసాలు మామూలే అన్నాడు. బలం మాత్రలు ఇప్పిస్తానన్నాడు. బయట ఎక్కడా అనొద్దన్నాడు, అంటే పోయేది మీ పనే అన్నాడు. చివరికి, నేను లేచి నిలబడ్డాక, అన్నాడు.

"పని చేసేటప్పుడు కిటికీ తెరుచుకోండి."

"ఆ మాట అక్టోబర్‌లో ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన ఫోను మోగకుండానే రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు నా తప్పు. నేను ఇంటికొచ్చి కిటికీ తెరిచాను. డబ్బాను కిటికీ గూట్లో పెట్టాను. ఇక భయం లేదని అందరికీ చెప్పాను. ఉత్సవానికి పదిహేను రోజులు కూడా లేవు, పని సగమే అయింది. ఆపేస్తే ఆ డబ్బా వల్లే అయిందని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే దాన్ని ఈ ఇంటికి మోసుకొచ్చింది ఎవరు? ఆ ప్రశ్నకు భయపడి నేను పని ఆపలేదు. నఫీసా చేతిలోంచి కుంచె తీసుకుని సుధామణికి ఇచ్చాను. ఏడ్చిన పిల్లకే ఇచ్చాను. ఆమె తీసుకుంది. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

బిళ్లలన్నీ వేళకు చేరాయి. ఫిబ్రవరి పదో తారీఖున తెరేసమ్మతో గుణదల వెళ్లాను. ఇసక వేస్తే రాలనంత జనం. ఎటు చూసినా గుండెల మీద మా బిళ్ల. పసిపిల్లల గౌన్ల మీద, ముసలాళ్ల చొక్కాల మీద, నీలం ముసుగు, తెల్ల అంగీ, ముఖం లేని తల్లి. మెట్ల దగ్గర తోపులాటలో ఒకావిడ పమిట ఎవరి సంచికో చిక్కుకుంది. పమిట చిరిగింది. బిళ్ల చెక్కుచెదరలేదు. ఎంత గట్టిగా చేశారమ్మా అని ఆవిడ మెచ్చుకుంది, చేసిందెవరో తెలియకుండా. మెట్లెక్కకుండా పక్కకు వచ్చి కూర్చున్నాను. ఎక్కగలిగే కాళ్లు ఉండీ ఎక్కబుద్ధి కాలేదు.

తెరేసమ్మ పైకి వెళ్లి వచ్చింది. నా పక్కన కూర్చుని, నఫీసా పేరున కొవ్వొత్తి వెలిగించానంది. తర్వాత మెల్లగా అంది.

"మాత చేసేది మాత చేస్తుంది. నువ్వు రేపు దాన్ని మా ఆసుపత్రికి పట్టుకురా. డబ్బా కూడా పట్టుకురా."

ముస్తాక్ నఫీసాను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ చిన్నావిడ. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, కాలు ఎగరలేదు. కళ్లు మూసుకోమని, బొటనవేలు పట్టుకుని పైకి వంచుతున్నానో కిందికి వంచుతున్నానో చెప్పమంది. నఫీసా మంచి పిల్లలా, బడిలో అప్పజెప్పినట్టు, గబగబా చెప్పింది. పైకి. పైకి. కిందికి. పైకి. నేను పక్కనుంచి చూస్తున్నాను. ఆమె పైకి అన్నప్పుడు వేలు కిందికి ఉంది. కిందికి అన్నప్పుడు డాక్టరమ్మ అసలు వేలు ముట్టుకోనేలేదు. ముస్తాక్ గోడవైపు తిరిగిపోయాడు. కళ్లు తెరిచాక నఫీసా, "అన్నీ సరిగ్గా చెప్పానా ఆపా?" అంది.

ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగింది. అన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. నేను డబ్బా బల్ల మీద పెట్టాను. మూత కొంచెం వదులు చేసి, వెంటనే బిగించి, ఆయాను పిలిచి దాన్ని బయట ఆరుబయట పెట్టించింది. దీని ఆవిరి ఊపిరితో లోపలికి వెళ్లి నరాలను చివర్ల నుంచి తింటూ వస్తుందని చెప్పింది. మొదట పాదాలు, తర్వాత చేతులు. గది మూసుకుంటే మరీ తొందరగా. నరాలకు మందు లేదు, ఆపడమే మందు.

"ఆపేస్తే ఇక్కడితో ఆగుతుందాండీ?" అన్నాను.

"ఆపేసినా ఇంకో రెండు నెలలు దిగుతూనే ఉండొచ్చు. ఆ తర్వాత వెనక్కి రావడం మొదలవుతుంది. ఎంత వస్తుందో నేను చెప్పలేను."

అదీ భయమంటే. అప్పటిదాకా భయపడ్డానని అనుకున్నాను, అది భయమే కాదు. డబ్బా లేదు, వాసన లేదు, కిటికీలు తెరిచే ఉన్నాయి, అయినా అది ఆమె ఒంట్లో నడుస్తోంది. ఆపడానికి మా చేతిలో ఏమీ లేదు.

నఫీసాను, అఫ్సాను కంకిపాడులో నఫీసా పుట్టింటికి పంపించాం. నేను శుక్రవారాలు బస్సెక్కి వెళ్లేదాన్ని. ప్రతి శుక్రవారానికీ ఒక మెట్టు దిగి ఉండేది. ఒక వారం గోడ పట్టుకుని నడిచేది. పై వారానికి నిలబడలేదు. ఆ పై వారానికి గ్లాసు పట్టుకోలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, టీ పెట్టి ఇచ్చేది. నేను అడగకుండానే చక్కెర తక్కువ వేసేది, నాకు అలా ఇష్టమని. తిట్టి ఉంటే బాగుండేది. బస్సు దిగి ఆ ఇంటిదాకా నడుస్తుంటే, ఇవాళ ఏం పోయి ఉంటుందో అని కాళ్లు వెనక్కి లాగేవి. అఫ్సా ఎదురొస్తుందా, పరిగెత్తుతూ వస్తుందా నడుస్తూ వస్తుందా అని ముందు ఆ పిల్ల కాళ్లు చూసేదాన్ని. పరిగెత్తేది. ఆ పిల్ల పరిగెత్తేది.

మార్చి నెలాఖరులో ఒకరోజు నఫీసా మంచం పక్కన కూర్చున్నాను. ఎండ ముదిరింది. ఫ్యాను తిరుగుతోంది. వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, అడిగింది.

"ఇది చేతుల దాకా వచ్చింది కదా ఆపా. ఊపిరి దాకా వస్తుందా?"

డాక్టరమ్మ నాకు చెప్పలేదు. నేను అడగలేదు, అడగడానికి భయపడి. తెలియదన్నాను. నఫీసా తలూపింది. అబద్ధం చెబుతానని ఆమె అనుకున్నట్టుంది, చెప్పనందుకు నా చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎక్కడ పడిందో చూసుకుని వేసింది.

ఊపిరి దాకా రాలేదు. మే నెలలో దిగడం ఆగింది. వానలు పడ్డాక గ్లాసు పట్టుకుంది. ఇప్పటికి రెండేళ్లు కావొస్తోంది. మళ్లీ మా ఇంట్లోనే ఉంటోంది. గది దాటి అరుగు దాకా గోడ పట్టుకుని వస్తుంది. అన్నం తనే కలుపుకుంటుంది. సూదిలో దారం మాత్రం ఎక్కించలేకపోతోంది, ఇక ఎక్కించలేదని అనుకుంటాను. వీరమ్మ గంప మొయ్యలేక మార్కెట్‌లో ఒకచోట కూర్చుని అమ్ముతోంది. సుధామణి చేతికర్రతో నడుస్తుంది. నన్ను చూస్తే తల తిప్పుకుంటుంది. తిప్పుకోవాల్సిందే.

మొన్న గవర్నర్‌పేటలో కాశీరావు నాకు ఎదురొచ్చాడు. వేరే పేటలో ఎవరితోనో చెప్పుల పట్టీలకు పూసలు కుట్టిస్తున్నానన్నాడు, ఏదో మంచి కబురు చెప్పినట్టు. ఎవరింట్లో అని అడిగితే చెప్పలేదు. నేను ఆ పేటంతా తిరుగుతున్నాను. మూసిన కిటికీల కింద నిలబడి వాసన చూస్తున్నాను. రెండు ఇళ్లు దొరికాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు.

కాశీరావు గారూ, ఆ పేర్లు బయట పెట్టండి. ఏ ఇంటికి ఎన్ని డబ్బాలు పంపారో మొత్తం చెప్పండి. ఈ చలికాలం అయ్యేదాకా ఆగి కాదు, ఇవాళ. నఫీసాకు, వీరమ్మకు, సుధామణికి నడక వచ్చేదాకా వైద్యం ఖర్చు మీది. సొల్యూషన్ తయారుచేసేవాళ్లు లోపల ఏముందో, అది ఏం చేస్తుందో మూత మీద తెలుగులో, చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా చదివేంత పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. మనుషులు పడుకునే గదిలోకి ఆ డబ్బాను పంపినవాడి మీద కేసు పెట్టాలి. మోసుకెళ్లినవాళ్ల మీద కూడా పెడతామంటే పెట్టండి, మొదటి పేరు నాది రాసుకోండి.

ఇది చదివే ఆడవాళ్లకు ఒక పని చెబుతున్నాను. మీ సందులో ఆ వాసన వస్తే వెళ్లి తలుపు కొట్టండి. పని పాడుచేస్తున్నావని లోపలివాళ్లు తిట్టినా కొట్టండి. కిటికీ తెరిపించి ఊరుకోకండి, డబ్బాను ఇంట్లోంచి బయటికి తీయించండి. కూర్చున్న ప్రతి ఒక్కరినీ కాళ్లు ఎలా ఉన్నాయని అడగండి. మొదటిసారి అడిగితే బానే ఉన్నాయంటారు, ఎవరూ ఒప్పుకోరు. మళ్లీ అడగండి. ఒప్పుకునేదాకా ఆ గుమ్మం దిగకండి.